ఎడారిలో చాప కింద నీరు

ఎడారిలో ఇంటికి చెమ్మ పట్టిందంటే మీరు నమ్ముతారా? నేనూ నమ్మలేదు. ఉతికిన చీర తీగ మీద వేసి లోపలికొచ్చి కాఫీ కలుపుకునే లోపల ఆరిపోయే ఊళ్ళో చెమ్మేమిటి, చోద్యం కాకపోతే! అనుకున్నాను. కానీ నా కళ్ళతో చూశాను, నా చేతులతో తడిమాను. ఆ చెమ్మలో నా చేయీ కొంత ఉందని తెలిసి నాలుగు రోజులు అన్నం సయించలేదు. ఆ సంగతే మీతో చెప్పుకుందామని ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను. ఇల్లు కట్టుకునేవాళ్ళకీ, కట్టిన ఇంట్లో ఉండేవాళ్ళకీ ఎవరికో ఒకరికి పనికి రాకపోదు.

మాది అనంతపురం. వాన కోసం మొహం వాచిన జిల్లా అని మీకు వేరే చెప్పక్కర్లేదు. మా చెల్లెలు మాత్రం మమ్మల్ని మించిన చోటికి కాపురానికి వెళ్ళింది. అమెరికాలో అరిజోనా రాష్ట్రం, ఫీనిక్స్ నగరాన్ని ఆనుకుని ఉన్న చాండ్లర్ అనే ఊరు. మా జిల్లాలో ఏడాదికి ఇరవై అంగుళాల పైచిలుకు వాన పడితే ఫీనిక్స్‌లో ఏడెనిమిది అంగుళాలే. 2023 వేసవిలో వరసగా 31 రోజులు ప్రతిరోజూ 110 డిగ్రీలు, అంటే మన లెక్కలో 43 దాటింది ఎండ. ఆ వార్త టీవీలో చూసి మావారు "అక్కడికి పోవడానికి విమానమెందుకు, మన మేడ మీద కూర్చుంటే చాలు" అన్నారు.

అమ్మ పోయాక చెల్లికి పుట్టింటి పెద్దదిక్కు నేనే. మొదటిసారి 2022 జనవరిలో, వాళ్ళు ఇల్లు కొనుక్కున్న కొత్తల్లో వెళ్ళి నాలుగు నెలలున్నాను. రెండోసారి 2023 సెప్టెంబరులో, దాని రెండో కాన్పుకని వెళ్ళాను.

ముళ్ళచెట్ల దేశం

ఆ ఎడారి పేరు సోనోరన్. ఎడారి అనగానే మనకి ఇసుక తిన్నెలూ ఒంటెలూ గుర్తొస్తాయి కదూ? అక్కడ అవేవీ లేవు. గట్టి నేల, రాళ్ళ కొండలు, వాటి మీద చేతులెత్తి నిలబడ్డ మనుషుల్లాంటి పెద్ద పెద్ద జెముడు చెట్లు. వాటిని సగువారో అంటారు. ఒక్కో చెట్టు మూడు నాలుగు నిలువుల ఎత్తు. పక్కకొమ్మ వేయడానికే యాభై, అరవై ఏళ్ళు పడుతుందట. వాన పడినప్పుడు నీళ్ళు తాగి చీర కుచ్చిళ్ళు విప్పుకున్నట్టు ఉబ్బుతుంది, ఎండాకాలం వచ్చేసరికి ఆ నీళ్ళు వాడుకుంటూ కుచ్చిళ్ళు ముడుచుకుంటుంది. సంసారం ఎలా చెయ్యాలో ఆ చెట్టుని చూసి నేర్చుకోవచ్చు.

నేలలో అడుగున్నర, రెండడుగులు తవ్వితే చాలాచోట్ల తెల్లటి సుద్దలాంటి గట్టి పొర తగులుతుంది. దాన్ని కాలీచీ అంటారు. సున్నపు పదార్థం మట్టిని పట్టేసి సిమెంటులా చేసిన పొర అది. గడ్డపార దిగదు, నీళ్ళు ఇంకవు. పోసిన నీళ్ళు ఆ పొర మీదే నిలుస్తాయి. ఈ మాట గుర్తుంచుకోండి, తర్వాత పని ఉంది.

ఊళ్ళో ఇళ్ళన్నీ మట్టిరంగు పూతతో ఒకేలా ఉంటాయి. మన ఇళ్ళలా పునాది లేపి మెట్లెక్కే అరుగులేమీ ఉండవు. నేల మీద నాలుగు అంగుళాల మందాన కాంక్రీటు పలక పోస్తారు, అదే పునాది, అదే గచ్చు. దాని మీద చెక్క చట్రంతో ఇల్లు. గడప కూడా పేరుకే. మా అత్తగారు చూస్తే "ఇదేం ఇల్లే, చెప్పుల స్టాండుకి కూడా ఇంతకంటే ఎత్తుంటుంది" అనేవారు.

మా చెల్లి ఇంటి వెనకవైపు ఒక గది ఉంది. ఇల్లు కట్టినప్పుడు అది గది కాదు, ఆరుబయట కూర్చునే వసారా. దానికి తర్వాతెప్పుడో చుట్టూ గోడలు పెట్టి గది చేశారు. ఇలాంటి గదులకి అక్కడ అరిజోనా రూమ్ అని పేరు కూడా ఉంది. తూర్పు వెలుతురు పడుతుందని చెల్లి దాన్ని పూజగది చేసుకుంది. ఏ.సి. పెట్టించారు, నేలకి తేనెరంగు చెక్కపలకలు పరిపించారు. చాలా ముచ్చటగా ఉండేది. పుట్టబోయే పాప ఉయ్యాల కూడా అక్కడే వెయ్యాలని దాని ఆశ.

బొమ్మల పెట్టె అడుగున

2023 అక్టోబరులో దసరా వచ్చింది. బొమ్మల కొలువు పెడదామని చెల్లి పెద్దకూతురు ఒకటే గొడవ. "పెద్దమ్మా, పెద్దమ్మా, బొమ్మలు దించు" అని నా కొంగు వదల్లేదు. మా అమ్మ ఇచ్చిన కొండపల్లి బొమ్మలు, మట్టి బొమ్మలు ఒక అట్టపెట్టెలో పెట్టి ఆ గదిలోనే గోడ వారగా నేల మీద ఉంచింది చెల్లి. పెట్టె ఎత్తబోయాను. అడుగు అట్ట మెత్తగా తడిసిన అప్పడంలా చేతికొచ్చింది. బొమ్మలు దబ్బున కిందపడ్డాయి. అడుగున ఉన్న మట్టి బొమ్మల రంగు పెచ్చులు పెచ్చులుగా లేచి, తెల్లగా ఉప్పు పట్టింది. దశావతారాల్లో కూర్మావతారం చేతిలో పొడి అయిపోయింది.

చెల్లి గుమ్మం పట్టుకుని నిలబడి ఏడ్చేసింది. నిండు నెలలు. నాకు కాళ్ళు చేతులు ఆడలేదు.

అప్పుడు నేల కేసి సరిగ్గా చూశాను. గోడ వారనున్న చెక్కపలకల అంచులు లేచి, ఒక్కో పలకా దొప్పలా వంగింది. ముక్కు దగ్గర పెడితే పాత గోనెసంచి వాసన. సాంబ్రాణి వెయ్యడం వల్ల ఇన్నాళ్ళూ మాకా వాసన తెలియలేదు. మా మరిదిగారు సాయంత్రం వచ్చి ఒక పలక ఊడదీశారు. కింద కాంక్రీటు ముదురు రంగులో ఉంది, పలక వెనక నల్లటి బూజు.

ముందు పైపు ఎక్కడో పగిలిందనుకున్నాం. దీనికి ఒక తేలిక పరీక్ష ఉంది, మీకూ పనికొస్తుంది. ఇంట్లో కుళాయిలన్నీ కట్టేసి, ఎవరూ నీళ్ళు వాడకుండా గంట సేపు నీటి మీటరు చూడాలి. ముల్లు కదిలితే ఎక్కడో కారుతున్నట్టు. మా చెల్లి ఇంట్లో ముల్లు కదల్లేదు. ఏ.సి. నీళ్ళ గొట్టం చూశారు, అదీ బాగానే ఉంది. మరి నీళ్ళెక్కడివి? ఎడారిలో, వాన చుక్క లేని అక్టోబరులో?

ఆ పెద్దాయన చేసిన పరీక్ష

నేల పనులు చేసే ఒక మెక్సికో పెద్దాయన్ని పిలిపించారు. అరవై ఏళ్ళుంటాయి. ఎక్కువ మాట్లాడడు. వచ్చి గదంతా తిరిగి, వంగి నేల మీద అరచెయ్యి ఆనించి చూశాడు. తర్వాత సంచిలోంచి పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ కాగితం తీసి, మూరెడు పొడవు మూరెడు వెడల్పు, అంటే 18 అంగుళాల చదరం కత్తిరించి, చెక్క తీసేసిన కాంక్రీటు మీద పరిచి నాలుగు వైపులా గాలి పోకుండా టేపు అంటించాడు. "రేపు చూద్దాం" అని వెళ్ళిపోయాడు. కనీసం 16 గంటలు అలాగే ఉంచాలట.

మర్నాడు చూద్దుము కదా, ప్లాస్టిక్ లోపలి వైపు చెమట పట్టినట్టు సన్నటి నీటిబొట్లు! ఆ చదరం మేర కాంక్రీటు రంగు కూడా మారింది. ఇంటి మధ్య హాల్లో ఒక మూల తివాచీ తీసి అలాగే అంటిస్తే అక్కడ ఒక్క బొట్టు లేదు. అంటే తడి గాలిలోది కాదు, మీది నుంచి కారింది కాదు. ఆ గది కింద నేలలోంచే వస్తోంది.

"కింద ప్లాస్టిక్ లేదు" అన్నాడు ఆయన. మా మరిదిగారు విడమరిచి చెబితే నాకు అర్థమైంది. నాకు అర్థమైన భాషలో మీకు చెబుతాను.

నేల పైపైన ఎండి బీటలు వారినా, లోపల మట్టిరేణువుల మధ్య ఉండే గాలి తేమగానే ఉంటుంది. పైన ఎండ తగిలే చోట ఆ తేమ ఆవిరైపోతుంది. కానీ దాని మీద ఇల్లు కట్టి మూసేశామనుకోండి, ఇక ఆరే దారి లేదు. వేడి అన్నం గిన్నె మీద మూత పెడితే మూతకి చెమట పట్టదూ, అలాగన్నమాట. ఈ తేమ రెండు దారుల్లో పైకొస్తుంది. ఒకటి, దీపం వత్తి నూనెని పైకి లాక్కున్నట్టు మట్టి, కాంక్రీటు నీటిని సన్నటి రంధ్రాల గుండా లాక్కుంటాయి. రెండోది ఆవిరి. తేమ ఎక్కువున్న చోటు నుంచి తక్కువున్న చోటికి ఆవిరి పోతూనే ఉంటుంది. ఎడారి ఇంట్లో గాలి అసలే పొడి, ఏ.సి. వేసి ఇంకా పొడి చేస్తాం. అందుకని కింద తేమ అంతా ఇంట్లోకే దారి వెతుక్కుంటుంది. ఎడారి కదా చెమ్మ రాదులే అనుకోవడం ఎంత పొరపాటో చూశారా?

కాంక్రీటు చూడ్డానికి బండరాయిలా ఉంటుంది గానీ ఆవిరిని ఆపలేదు. ఆ ఆవిరి చెక్క కిందికి చేరి బయటికి పోలేక చెక్కని ఉబ్బిస్తుంది. జిగురుని వదిలిస్తుంది. నేలలోని ఉప్పుని మోసుకొచ్చి పైన తెల్లగా పొంగిస్తుంది. మా అమ్మ బొమ్మల్ని తినేసింది ఆ ఉప్పే.

పక్క ప్లాటులో చూసిన పాఠం

అదృష్టం కొద్దీ మా చెల్లి వాళ్ళ వీధి చివర ఒక కొత్త ఇల్లు కడుతున్నారు. నేను పొద్దునా సాయంత్రం నడకకి వెళ్ళి ఆ పని చూసేదాన్ని. మన మేస్త్రీ పనికీ వాళ్ళ పనికీ తేడా చూద్దామని సరదా. మొదట నేల చదును చేసి గట్టిపరిచారు. చెదల మందు చల్లారు. ఎడారిలో చెదలు కూడానా అంటే ఉన్నాయి, అవీ తేమని వెతుక్కునే వస్తాయి. నీళ్ళ గొట్టాలు పైకి లేచి నిలబడ్డాయి. తర్వాత నాలుగు అంగుళాల మందాన కంకర పరిచారు. ఆ కంకర ఎందుకో తెలుసా? వత్తిని మధ్యలో తెంపడానికి. రాళ్ళ మధ్య సందులు పెద్దవి కాబట్టి నీరు వాటి గుండా పైకి ఎక్కలేదు. కానీ ఆవిరి మాత్రం ఇడ్లీ రేకుల చిల్లుల్లోంచి వచ్చినట్టు కంకర సందుల్లోంచి సుఖంగా వచ్చేస్తుంది. అందుకే కంకర ఒక్కటీ చాలదు. దాని మీద మందపాటి ప్లాస్టిక్ పట్టా పరిచారు. అదే అసలు కాపలా.

ఆ పట్టా మందాన్ని మిల్లుల్లో లెక్కేస్తారు. మిల్లు అంటే అంగుళంలో వెయ్యో వంతు. ఏళ్ళ తరబడి 6 మిల్లుల పట్టా చాలనుకున్నారు. పని చేసేవాళ్ళ బూట్లకీ, ఇనుప చువ్వలకీ అది చిరిగిపోతోందని అమెరికా వాళ్ళ 2021 నాటి ఇళ్ళ నియమావళిలో 10 మిల్లులకి పెంచారు. అంటే పావు మిల్లీమీటరు. ఒక పట్టా అంచు మీద ఇంకో పట్టా కనీసం ఆరంగుళాలు ఎక్కాలి. గొట్టాలు పైకి వచ్చిన చోటల్లా చుట్టూ టేపు చుట్టాలి. కుండకి చిల్లు ఎంత చిన్నదైనా చిల్లే కదా!

మిట్టమధ్యాహ్నం ఎండకి కాంక్రీటు పగుళ్ళిస్తుందని తెల్లవారుజామున చీకట్లో దీపాలు పెట్టుకుని పోశారు. ఆ లోపల ఇనుప తీగల్ని లాగి బిగించి కట్టే పద్ధతి కూడా అక్కడ ఉంది. అలాంటి ఇళ్ళలో కారు షెడ్డు నేల మీద "కొయ్యరాదు, తొలచరాదు" అని ముద్ర వేసి ఉంటుంది. చెల్లి ఇంట్లోనూ ఉంది. ఎవరూ తెలియక మేకు దింపకుండా ఆ జాగ్రత్త.

ఇంతకీ మా చెల్లి ఇంటి అసలు భాగం కింద ఈ పట్టా ఉంది. వసారాకి లేదు. వసారా ఆరుబయలు కదా, గదిగా మార్చే ఉద్దేశం లేనప్పుడు పట్టా అక్కర్లేదని నియమం కూడా ఒప్పుకుంటుంది. తర్వాత గోడలు పెట్టినవాళ్ళు కింద ఏముందో ఆలోచించలేదు, కొన్నవాళ్ళు అడగలేదు. ఇదే కిటుకు.

నా కరివేపాకు చెట్టు

"సరే, పట్టా లేదు. కానీ ఇంత తడి ఎక్కడిది?" అని ఆ పెద్దాయన బయటికి వెళ్ళి గోడ చుట్టూ చూశాడు. చూసి ఒక చోట ఆగి నా వైపు తిరిగి నవ్వాడు. అక్కడ గోడకి ఆనుకుని కరివేపాకు మొక్క, రెండు మల్లె తీగలు, తులసి, వరసగా ఉన్నాయి. వాటి కింద నీటిబొట్ల గొట్టం.

అవి నేను పెట్టినవే. 2022లో వెళ్ళినప్పుడు పరాయి దేశంలో చెల్లికి పెరట్లో నాలుగు మన మొక్కలుండాలని, గది కిటికీలోంచి మల్లెల వాసన రావాలని గోడ వారనే గుంటలు తీసి, మంచి మట్టి తెచ్చి గోడ పూత అంచు మునిగేదాకా ఎత్తుగా పోసి నాటాను. "ఎండలకి చచ్చిపోతాయే, రోజూ రెండుపూటలా నీళ్ళు పొయ్యి" అని ఫోన్ చేసినప్పుడల్లా చెప్పాను. అది అక్క మాట జవదాటలేదు. ఏడాదిన్నర పైగా పొద్దునా సాయంత్రం తడుపుతూనే ఉంది. ఆ నీళ్ళు కింద కాలీచీ పొర మీద నిలిచి, దిగే దారి లేక పక్కనే ఉన్న గది కిందికి చేరాయి. చాప కింద నీరు అంటే ఇదే కాబోలు.

నాకు తల కొట్టేసినట్టయింది. "నా వల్లే జరిగింది" అన్నాను. మా మరిదిగారు సౌమ్యుడు. "మీరేం చేస్తారు వదినగారూ, మాకు మాత్రం తెలుసా" అన్నారు. చెల్లి మాత్రం ఏమీ అనలేదు. దాని మౌనం నాకు ఇంకా బాధ అనిపించింది. ఆ రాత్రి పడుకోబోయే ముందు నా గదిలోకి వచ్చి పక్కన కూర్చుని, "అక్కా, ఆ చెట్టు కొట్టేయించకు. కరివేపాకు వేసి పోపు పెట్టినప్పుడల్లా నువ్వు ఇంట్లో ఉన్నట్టుంటుంది నాకు" అంది. నాకు ఏడుపాగలేదు.

ఎలా బాగుచేశాం

పోసేసిన కాంక్రీటు కిందికి పట్టా దూర్చలేం. కాబట్టి కిందినుంచి తడి తగ్గించడం, పైనుంచి ఆపడం, ఈ రెండే దారులు. మొక్కల్ని జాగ్రత్తగా వేళ్ళతో తీసి పెద్ద తొట్లలోకి మార్చి, గోడకి దూరంగా వరసగా పెట్టాను. నేను పోసిన మట్టి నేనే తీయించాను. గోడ పూత అడుగు అంచు మట్టికి కనీసం నాలుగంగుళాలు పైన కనబడాలట. ఇంటి చుట్టూ నేల గోడ నుంచి బయటికి వాలుగా ఉండాలి, మొదటి పదడుగుల్లో ఆరంగుళాలు దిగాలి. అలా సరిచేయించారు.

చెక్కపలకలన్నీ తీసేశాం. పెట్టిన డబ్బు పోయింది, ఏం చేస్తాం. మూడు వారాలు నేలని అలా వదిలేసి మళ్ళీ ప్లాస్టిక్ పరీక్ష చేశాడాయన. బొట్లు బాగా తగ్గాయి గానీ పూర్తిగా పోలేదు. అప్పుడు కాంక్రీటు పైపొరని యంత్రంతో గీకి, ఆవిరిని ఆపే ఎపాక్సీ పూత రెండుసార్లు వేసి, దాని మీద పింగాణీ టైల్స్ పరిచాడు. చెక్కకంటే టైలు చెమ్మకి బాగా ఓర్చుకుంటుంది. మామూలు రంగు నాలుగు పూతలేసినా లాభం లేదని, కింది నుంచి వచ్చే తేమ దాన్ని పొక్కులుగా లేపేస్తుందని ఆయన మరీ మరీ చెప్పాడు. ఆ మాట వింటే నాకు మా అత్తగారింటి గోడ గుర్తొచ్చింది. ప్రతి సంక్రాంతికీ మోకాలెత్తు వరకు సున్నం రాలిపోయేది, ప్రతి సంక్రాంతికీ వేసేవాళ్ళం!

నవంబరు చివరలో పాప పుట్టింది. ఉయ్యాల ఆ గదిలోనే వేశాం. గదిలో ఇప్పుడు సాంబ్రాణి వెయ్యకపోయినా వాసన లేదు.

ఏడు వందల ఏళ్ళ నాటి ఇల్లు

ఆ పనులు జరుగుతున్నప్పుడు ఒక ఆదివారం ఇంట్లో దుమ్ము పడలేక మమ్మల్ని కాసా గ్రాండే శిథిలాలు చూడ్డానికి తీసుకెళ్ళారు మా మరిదిగారు. చాండ్లర్ నుంచి గంట ప్రయాణం, కూలిడ్జ్ అనే ఊరి దగ్గర. దారంతా కాలువలు, పత్తి చేలు. ఎడారిలో పత్తి చూసి ఆదోనికి వచ్చామా అనిపించింది.

అక్కడ ఎడారి మధ్య నాలుగంతస్తుల మట్టి మేడ ఉంది. 1350 ప్రాంతంలో హోహోకామ్ అనే పాతకాలపు జనం కట్టారు. ఆ జనమే మొత్తం లోయకి వందల మైళ్ళ కాలువలు చేత్తో తవ్వుకున్నారు. మేడ కట్టింది ఇందాక చెప్పిన కాలీచీ మట్టితోనే. దాదాపు మూడు వేల టన్నుల మట్టి పట్టిందట. అడుగున గోడ మందం నాలుగడుగులు. 1892లోనే అమెరికా ప్రభుత్వం దాన్ని కాపాడుతున్న చోటుగా ప్రకటించింది. వాన తగలకుండా 1932లో పైన పెద్ద ఇనుప గొడుగులాంటి కప్పు వేశారు. లోపలికి వెళ్ళనివ్వరు, చుట్టూ తిరిగి చూడాలి.

నాకు మాత్రం గోడ పైన కాదు, పాదం దగ్గరే చూపు ఆగింది. అక్కడ ఇటుకలు కనబడ్డాయి. మట్టి మేడకి ఇటుకలేమిటి? ఏళ్ళ తరబడి నేల తేమా, ఉప్పూ, వానా కలిసి గోడల అడుగుని కొరికినట్టు తినేస్తే, మీది గోడ కూలకుండా 1891లో ఇటుకలూ సిమెంటూ పెట్టి పూడ్చారు. పైకప్పు వేసి వానని ఆపగలిగారు గానీ, నేల పని నేలదే. చెల్లి నా చెయ్యి పట్టుకుని "చూశావా అక్కా, ఇక్కడెవరూ కరివేపాకు నాటలేదు" అంది. ఇద్దరం నవ్వుకున్నాం. చాలా రోజుల తర్వాత అది నవ్వడం అదే.

మన ఊళ్ళో అయినా

తిరిగొచ్చాక 2024లో మా ఇంటి పక్క స్థలంలో రెండు గదులు వేశాం. గచ్చు పోసే ముందు కంకర మీద పట్టా పరవమన్నాను. మేస్త్రీ నవ్వాడు. "అనంతపురంలో నెమ్మేందమ్మా, సముద్రం పక్కనున్నట్టు చెప్తావు" అన్నాడు. నేను ఆ బొమ్మల పెట్టె కథంతా చెప్పాను. విని, "సరే, చెప్పులిప్పి నడవండ్రా" అని కూలీలకి చెప్పాడు. గోడల కింద డీపీసీ వెయ్యడం మనకీ తెలిసిందే. అది గోడ ఎక్కే తేమని ఆపుతుంది, గదిలో గచ్చుని కాపాడదు. ఆ కాపలా పట్టాది. మొత్తం ఇంటి ఖర్చులో దాని ఖరీదు లెక్కలోకి రాదు. తర్వాత పెడదామంటే మాత్రం ఎంత డబ్బు పోసినా కుదరదు.

మీకు చివరిగా నాలుగు మాటలు చెప్పి ముగిస్తాను. గోడని ఆనించి మొక్కలు నాటకండి, తొట్లలో పెట్టుకోండి. బయట మట్టి ఇంటి గచ్చు కంటే ఎత్తు లేకుండా చూసుకోండి. వసారానో కారు షెడ్డునో గదిగా మార్చే ముందు నేల కింద పట్టా ఉందో లేదో అడగండి. కొత్తగా కాంక్రీటు పోస్తే ఆరనివ్వండి, అంగుళం మందానికి నెల చొప్పున లెక్క వేసుకుని ఆ తర్వాతే చెక్క గానీ, రబ్బరు చాప గానీ పరచండి. అనుమానం ఉంటే మూరెడు ప్లాస్టిక్ కాగితం అంటించి మర్నాడు చూడండి. బొట్లు కనబడితే చెమ్మ ఉన్నట్టే. కనబడకపోయినా వానాకాలంలో ఇంకోసారి చూసుకోవడం మంచిది.

మొన్న వీడియోలో చెల్లి పాపని చూపించింది. పూజగది టైల్స్ మీద పడుతూ లేస్తూ పరుగులు. వెనక కిటికీలోంచి తొట్టిలో కరివేపాకు చెట్టు కనబడింది. "నీళ్ళు ఎన్నిసార్లు పోస్తున్నావే?" అని అడిగాను. "మట్టిలో వేలు పెట్టి చూసి, పొడిగా ఉంటేనే పోస్తున్నానక్కా" అంది.